ఎర్ర కుర్చీ సాక్షి

నడుస్తున్న సాంచె మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. ఒక్కటి అబద్ధమైనా నాడె ఎగిరొచ్చి నా పళ్లు రాలగొట్టుగాక! మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. పడుగు మధ్య అటూ ఇటూ ఉరికే నాడె ఒక్కోసారి దారి తప్పి గాల్లోకి లేస్తుంది. అది తగిలిన మొహాలు చూసినవాణ్ని కాబట్టి ఈ ఒట్టు ఊరికే పెట్టను. "నీ పై పళ్లు రెండు ఇప్పటికే లేవు కదా" అని మావాళ్లెవరైనా అడ్డం రావచ్చు. అవి వేరే ఒట్లకు పోయినవి. దీనికి మిగతావి ఉన్నాయి.

పోయిన నెల వాణ్ని మట్టిలో పెట్టి వచ్చాం. పెట్టెను గోతిలోకి దించాక పాస్టరు గారు చుట్టూ చూసి, "తమ్ముడి గురించి ఎవరైనా నాలుగు మాటలు చెబుతారా అండీ" అన్నారు. పర్వత్ పాటియా నుంచి వచ్చిన మావాళ్ల తలలన్నీ ఒక్కసారి నావైపు తిరిగాయి. తిరగవూ మరి! సూరత్ తెలుగువాళ్లలో పెళ్లయినా చావయినా నోరు నాదే. "జెప్పరాదె అన్నా, లోకమంత కథలు జెప్తవ్, నీ దోస్తు గురించి జెప్పస్తలేదా?" అని వెనక నుంచి ఎవడో పొడిచాడు కూడా. నేను నోరు తెరిచాను. ఇంత దుమ్ము లోపలికి పోయింది గానీ ఒక్క మాట బయటికి రాలేదు.

దుఃఖమనుకున్నారు. ఒకావిడ నీళ్ల సీసా అందించింది. దుఃఖం కాదు. వాడు నాకు ద్రోహం చేశాడు. చనిపోయినవాడి గురించి మంచే మాట్లాడాలంటారు కదా, ఆ మంచి నా గొంతులో అడ్డం పడింది. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

వాడి పేరు రాయను. నాకు తమ్మి, అంతే. తోడబుట్టినవాడేమీ కాదు. కరీంనగర్ నుంచి వచ్చే బస్సులో నా పక్క సీటులో కూర్చుని, దారి పొడుగునా నా మాటలు విని, సూరత్‌లో దిగాక "అన్నా, నువ్వు యాడికి పోతవో నేను గూడ ఆడికే" అన్నవాడు. అప్పటికి వాడికి మీసాలు సరిగ్గా రాలేదు. నేను ఎక్కడికి పోయానో అక్కడికే వచ్చాడు. పోకూడని చోట్లకు కూడా నేనే తీసుకుపోయానని మరదలు, అంటే వాడి పెళ్లాం, అనేది. ఆమె అన్నదంటే నిజమే అయి ఉంటుంది.

గుజరాత్‌లో మందు బందని సంబరపడి మా అమ్మలు కొడుకుల్ని సూరత్ పంపుతారు. ఇక్కడ సారా చిన్న ప్లాస్టిక్ సంచుల్లో దొరుకుతుంది. పొట్లి అంటారు. పాలవాడికంటే ముందే వస్తుంది, పాలకంటే చిక్కగా ఉంటుంది. మూలన పళ్లతో కొరికి, తల వెనక్కి వంచి పిండుకోవడమే. నాకు పొట్లి ఒక సరదా. వాడికి అది అన్నమైంది. పెళ్లినాటి ఉంగరం, మరదలి పట్టీలు, గోడ గడియారం, చివరికి వంటింట్లో ఇత్తడి బిందె, అన్నీ ఆ సంచుల్లోకే పోయాయి. మరదలు రెండుసార్లు పుట్టింటికి పోయి, రెండుసార్లూ తనే తిరిగొచ్చింది.

పొద్దున ఏడింటికి పాళీ ఎక్కేటప్పుడు వాడి చేతులు చూడాలి. డ్యూటీని ఇక్కడ పాళీ అంటారు. తడిసిన కోడిపిల్లల్లా గజగజ వణికేవి. టీ గ్లాసును నోటి దగ్గరికి తెస్తే సగం ఒలికిపోతుందని, గ్లాసును బల్ల మీదే ఉంచి మొహాన్ని దాని దగ్గరికి తీసుకుపోయేవాడు. పొట్లి పడితే ఓ గంట ఆగేవి, మళ్లీ మొదలు. వాడు బట్ట మీద చాక్‌పీస్‌తో గీత గీస్తే పాము పాకినట్టుండేది.

ఇక వాడి అసలు విద్య. సాంచెల మోతకు తట్టుకోలేక మేమంతా చెవుల్లో నూలు ఉండలు కుక్కుకుంటాం. పాళీ దిగాక టీ బండి దగ్గర అందరూ తీసేస్తే, వాడు ఒక చెవిది మాత్రం ఉంచుకునేవాడు. నేను కథ మొదలుపెట్టేవాణ్ని. తాపీ వరద వచ్చిన ఏడు నాకు జరిగిన సంగతే వినండి. రింగ్ రోడ్ మార్కెట్ నుంచి కొట్టుకొచ్చిన ఒక చీర కొంగు నా చేతికి చిక్కింది. లాగాను. ఆ చీర చివర ఇంకో చీర ముడేసి ఉంది. లాగాను. దాని చివర ఇంకోటి. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా లాగితే ఆఖరి చీర చివర ఒక శేఠ్, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే నీళ్ల మీద తేలుతూ వచ్చి, "భావ్ క్యా దోగే?" అని ధర అడిగాడు.

"ఎహె, ఫేంకు! కోతలోడు!" అని బండి దగ్గరున్న వాళ్లు నవ్వేవాళ్లు. నేను తమ్మి వైపు చూసేవాణ్ని. వాడు తాపీగా చెవిలో ఉండ తీసి, "అవు. నేను గూడ ఉన్న. కుర్చీ ఎర్రది," అనేవాడు. అని మళ్లీ ఉండ చెవిలో పెట్టేసుకునేవాడు. ఇంక ఎవరేం అడిగినా వాడికి వినపడదు.

ఎర్రది! చూశారా పనితనం? ఇంత పెద్ద వరదను, ఇన్ని చీరల్ని నేను మోసుకొస్తే, నమ్మించేది వాడి ఒక్క రంగు ముక్క. అబద్ధానికి ఏ మూల చిన్న మేకు కొట్టాలో వాడికి తెలిసినంతగా నాకు కూడా తెలియదు. నా కథలన్నింటికీ వాడే సాక్షి. నేను పులిని చూస్తే, దాని చెవి చినిగి ఉందని వాడు చూశాడు. నేను రైలును ఆపితే, డ్రైవరు నోట్లో మావా వక్కపొడి ఉందని వాడు చూశాడు.

ఇప్పుడు పెద్దయ్య సంగతి చెప్పాలి.

నావి ఎనిమిది సాంచెలు. పగలు నేను, రాత్రి అవే సాంచెల మీద పెద్దయ్య. అరవై దాటినవాడు, కళ్లల్లో పొర వచ్చింది. అందరిలా చెవుల్లో ఏమీ పెట్టుకునేవాడు కాదు. "కండ్లు నన్నిడిసిపెట్టినా చెవులు ఇడువలే బిడ్డా. ఎనిమిదిట్ల ఏ సాంచె మీద పోగు తెగినా నాకు ఇనొస్తది," అనేవాడు. పొగరుతో కాదు, దేవుడి దయ గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

పాళీ మారేటప్పుడు ఒక పద్ధతి ఉంది. దిగేవాడు ప్రతి సాంచె మీదా అప్పటిదాకా నేసిన చోట బట్ట అంచున చాక్‌పీస్‌తో అడ్డంగా గీత గీస్తాడు. ఎక్కేవాడు చూసుకుని, దాని మీద చిన్న ఇంటూ కొడతాడు. గీతకు కిందిది దిగినవాడిది, పైది ఎక్కినవాడిది. తాకా, అంటే బట్ట చుట్ట, నిండాక కోసి బల్ల మీద పరిచినప్పుడు ఎక్కడైనా చెడిపోతే, కార్ఖానా మాస్టరు ముందు గీత ఎక్కడుందో చూస్తాడు. ఆ గీతే మాకు సర్పంచి, అదే జడ్జి. పెద్దయ్య ఆ గీతను చూసేవాడు కాదు. "గీసినవా బిడ్డా?" అని అడిగేవాడు. "గీసిన పెద్దయ్యా" అంటే వేలితో తడిమి ఇంటూ కొట్టేవాడు.

వరద వచ్చిన ఏడే, దీపావళి ముందు, ఒక మధ్యాహ్నం తమ్మీ నేనూ పడుగు చుట్టిన భీముల వెనక కూర్చుని చెరో రెండు పొట్లీలు కొరికాం. తిరిగొచ్చేసరికి నా ఐదో సాంచె మీద పడుగు పోగులు చెయ్యంత వెడల్పున తెగి, బట్ట మధ్యలో బోడి చార పడిపోయి ఉంది. ఎంతసేపటి నుంచో! గబగబా పోగులు ముడేసుకుని, పాళీ మారేలోపు నాలుగు వేళ్ల మంచి బట్ట నేసి, చెడిందంతా బట్ట చుట్టే దోనె మీదికి చుట్టేశాను. పెద్దయ్య వచ్చాడు. గీత గీశాను. తడిమి ఇంటూ కొట్టాడు.

మర్నాడు పొద్దున పెద్దయ్య పాళీ దిగి ఇంటికి పోయాక, తాకా కోసే ముందు, తమ్మి నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, నీ మీదికి మాట రానియ్య," అని నా చేతిలోంచి చాక్‌పీస్ లాక్కున్నాడు. చుట్టిన బట్ట విప్పి, నిన్నటి గీతను తడిగుడ్డతో తుడిచేసి, చెడిన చోటుకు కిందుగా కొత్త గీత తిన్నగా గీశాడు. దాని మీద ఇంటూ కూడా కొట్టాడు. బోడి చార మొత్తం రాత్రి పాళీలోకి పోయింది. నేను చూస్తూ నిలబడ్డాను. చూడటం కూడా తప్పే, కాదనను.

సాయంత్రం మాస్టరు పెద్దయ్యను బల్ల దగ్గరికి పిలిచాడు. "యే దేఖో. లకీర్ తో సీధీ హై. తుమ్హారా హీ మాల్ హై." గీత తిన్నగా ఉంది, మాల్ నీదే అన్నాడు. పెద్దయ్య చార మీద అరచెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే ఉంచాడు. "గిది నా చేతికింద గాలె. గిన్ని పోగులు తెగితె నాకు ఇనకపోవుడా?" అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వు జెప్పు. నిన్న మనం గీసుకున్న గీత గిదేనా?"

"గదే పెద్దయ్యా," అన్నాను.

ఆయన నమ్మలేదు. అప్పుడు పక్కన నిలబడ్డ తమ్మి చెవిలో ఉండ తీశాడు. "అవు. నేను గూడ ఉన్న. గీత గీసేటప్పుడు పెద్దయ్య తుమ్మిండు."

"తుమ్మిన్నా?" అన్నాడు పెద్దయ్య.

తుమ్మానా అని ఆలోచిస్తూ ఆ ముసలాయన అక్కడ నిలబడ్డ తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. తుమ్మినట్టు గుర్తులేదు. మరి చూసినవాడు చెబుతున్నాడు. తన తుమ్మే తనకు వినపడకపోతే పోగు ఏం వినపడుతుంది? ఆయన మొహంలో ఆ లెక్క నడుస్తుండగానే, మాస్టరు రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. పెద్దయ్య తన టిఫిన్ డబ్బా తీసుకుని పోయాడు. ఆ తర్వాత ఇంట్లో పెద్దమ్మ పక్కన కూర్చుని కండెలు చుట్టేవాడు. చెవుల్లో నూలు ఉండలు పెట్టుకోవడం అప్పుడే మొదలుపెట్టాడట, మోత లేని ఇంట్లో!

తమ్మి ఆ వారం తాగినట్టు ఎప్పుడూ తాగలేదు. నేను నవ్వించబోయాను. నవ్వలేదు.

వాణ్ని దేవుడి దగ్గరికి తీసుకుపోయిందెవరో తెలుసా? నేనే. క్రిస్మస్ నాడు దర్జీ దుకాణం మీది హాల్లో తెలుగువాళ్ల ప్రార్థన ఉందనీ, అయ్యాక బిర్యానీ పెడతారనీ కబురందింది. పాటలు వింటే పోయేదేముంది, పదమన్నాను. పాస్టరు గారు రైల్వేలో గూడ్సు గుమాస్తా, గుంటూరు వైపు మనిషి, ఆదివారాలు మాత్రమే పాస్టరు. "రండి బాబూ, కూర్చోండి, మొహమాటపడకండి," అని అందరికంటే ముందు మాకే విస్తరాకుల ప్లేట్లు ఇచ్చారు. నేను రెండోసారి వడ్డించుకోవడానికి లేచి చూస్తే, తమ్మి ప్లేటు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. చేతులు వణికి మెతుకులు ఒళ్లో రాలుతున్నాయి. పక్కన పిల్లలు చూసి కిసుక్కుమంటున్నారు.

పాస్టరు గారు వచ్చి వాడి ఎదురుగా గొంతుక్కూర్చున్నారు. ప్లేటు కింద తన అరచేతులు రెండూ పెట్టి కదలకుండా పట్టుకున్నారు. వాడు చివరి మెతుకు తినేదాకా పట్టుకునే ఉన్నారు. తర్వాత లేచి, వెళ్లి వేరేవాళ్లకు నీళ్లు పోశారు.

కిందికి దిగాక వాడు అడిగింది ఒకే ఒక్క మాట. "అన్నా, ఆయన ఎందుకు పట్టుకున్నడె?"

"పింగాణీ ప్లేటనుకున్నడేమో, పగులుతదని," అన్నాను. నాకు నేనే నవ్వుకున్నాను.

వాడు మరుసటి ఆదివారం ఆ సంగతి అడగడానికి పోయాడు. ఆ తర్వాత ఆదివారం కూడా. పొట్లి మానడం మొదలైంది. జ్వరం, వాంతులు, గోడల మీద బల్లులు మాట్లాడటం, అన్నీ అయ్యాయి. మందు మీదికి మనసు పోయినప్పుడల్లా జేబులోంచి తెగిన నూలు పోగు తీసి ఒక ముడి వేసేవాడు. మేం నేతలో వేసే ముడే, చిన్నది, విప్పితే రాదు. మొదట్లో సాయంత్రానికి పోగంతా ముళ్లే. "ఇయాల ఎన్నిరా?" అంటే పోగు ఎత్తి చూపించేవాడు. నెలలు గడిచే కొద్దీ పోగు నున్నబడింది. చేతులూ నిలిచాయి. తొట్టిలో మునిగి లేచి బాప్తిస్మం తీసుకున్నాడు. కులపెద్ద ఒకాయన దారిలో ఆపి, "ఏందిరా, దేవుణ్ని మార్చినవట?" అంటే, "దేవుణ్ని గాదు పెదనాయినా, అడ్డా మార్చిన," అన్నాడు. ఆయన నవ్వాపుకోలేక తిట్టడం మరిచిపోయాడు.

అంతవరకు బాగానే ఉంది. నా సాక్షి పోయాడని నాకు టీ బండి దగ్గర తెలిసింది. కొత్తగా ఊరి నుంచి వచ్చినవాళ్లకు చీరలు లాగిన కథ చెప్పి, శేఠ్‌ను కుర్చీతో సహా ఒడ్డుకు చేర్చి, అలవాటుగా తమ్మి వైపు చూశాను. వాడి చెవుల్లో ఏమీ లేవు. తల దించుకుని, "నేను లేనన్నా ఆడ," అన్నాడు.

"లేవా? మరి ఎర్ర కుర్చీ?"

"నువ్వు జెప్పంగ ఇన్న. జూడలే."

బండి దగ్గర పుట్టిన నవ్వు ఉధ్నా దాకా వినపడి ఉంటుంది. నా కథ విని కాదు, నన్ను చూసి. ఇన్నేళ్లు పక్కన నడిచినవాడు నట్టనడి బజారులో నా పంచె ఊడదీసినట్టయింది. వాడేమో ఆ పూట తన టీతో పాటు నా టీ కూడా తెచ్చిచ్చి, ఏమీ జరగనట్టు నిలబడ్డాడు.

ఆ హాల్లో సాక్ష్యాలు చెప్పే ఆనవాయితీ ఉంది. ఆదివారం ఒకరిద్దరు లేచి, నేను ఫలానా పాపిని, నన్ను ఇలా మార్చాడు అని చెబుతారు. నేను వెనక కూర్చుని చాలా విన్నాను. ఒకాయన మొదటిసారి రోజుకో సీసా తాగేవాణ్నన్నాడు, మూడోసారికి పీపాలకు పోయాడు. చేయి తిరిగినవాడే అని ముచ్చటపడ్డాను. మా తమ్మి లేస్తే ఏముంది? "రోజుకు ఆరు పొట్లీలు. పండుగకు ఎనిమిది. నా పెండ్లాం బిందె అమ్ముకున్న. ఇప్పుడు తాగుతలేను." కూర్చున్నాడు. "ఒరే, నాకియ్యి, నేను బాగు చేసిపెడ్త. ఒక పాముని పెడ్దం," అన్నాను. "వద్దన్నా. ఉన్నది సాలు," అన్నాడు.

ఉన్నది వాడికే చాలదని ఎండాకాలం ఒక గురువారం తెలిసింది. పాళీ దిగి వస్తుంటే నాతో నడిచాడు. "అన్నా, ఆదివారం పెద్దయ్యను సైకిల్ మీద తీస్కొస్తున్న హాల్లకు. గీత సంగతి జెప్త. నువ్వు గూడ రా. ఇద్దరం జెప్పుదం."

నేను వాడి చొక్కా పట్టి ఆపాను. "నీకు పిచ్చా? నౌకరి పోతది. వాడకట్టుల మొహం యాడ పెట్టుకోవాలె?"

"ఆయన సెవులల్ల నూలు పెట్టుకుంటుండన్నా."

"నా పేరు నీ నోట్లకెళ్లి ఎల్లిందో, నీకు నాకు తెగిపోయినట్టే. చెప్తున్న."

వాడు చెవి రుద్దుకున్నాడు. 

ఆదివారం పోకుండా ఉండలేకపోయాను. హాలు చివర చెప్పుల పక్కన కూర్చున్నాను. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో పెద్దయ్య, పక్కన పెద్దమ్మ. తమ్మి లేచాడు. అందరివైపూ కాదు, పెద్దయ్య వైపు తిరిగి నిలబడ్డాడు. "పెద్దయ్యా, ఆ గీత నీది గాదు. తుడిచి మల్ల గీసింది నేను. ఆ మాల్ పగటి పాళీది."

పెద్దయ్య చెవుల్లోంచి ఉండలు తీశాడు. "మరి నా తుమ్ము?"

"తుమ్మలే పెద్దయ్యా. నేనే కల్పించిన."

"తుమ్మలేదా?" ముసలాయన పెద్దమ్మ వైపు తిరిగాడు. ఆమె మోచెయ్యి పట్టుకుని ఊపాడు. "ఇన్నవా? నేను తుమ్మలేదట! నా చెవి మంచిదేనట! ఇన్ని నెలల సంది నా చెవిని నేనే నమ్మకపోతినే..." అని నవ్వుతూ ఏడ్చాడు. హాలు హాలంతా ఏడ్చింది. పాస్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

అక్కడితో ఆపొచ్చు కదా? ఆపలేదు. తల ఎత్తి, చెప్పుల పక్కనున్న నావైపు వేలు చాపి, "అన్న గూడ ఉన్నడు," అన్నాడు. "ఆ సాంచె అన్నది. చాక్‌పీస్ ఇచ్చింది అన్న." తలలన్నీ తిరిగాయి. నేను చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాను.

అదీ ద్రోహం. ఎవణ్ని బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చానో వాడే నన్ను నలుగురిలో పట్టిచ్చాడు. ఆ రోజు నుంచి మాట్లాడలేదు, రెండేళ్లు. వాడు ఆ నెలలోనే మా ఖాతా, అంటే సాంచెల కార్ఖానా, వదిలి పాండేసర డయింగ్ మిల్లుకు పోయాడు. నేను నా ఎనిమిది సాంచెల మీదే ఉన్నాను. సాయంత్రాలు సైకిల్ మీద ఎదురొచ్చేవాడు. ఒక రోజు చేతులు మోచేతుల దాకా ఆకుపచ్చ, ఒక రోజు నీలం. "అన్నా!" అని ఆ రంగు చెయ్యి ఎత్తేవాడు. నేను పక్క దుకాణం బోర్డు చదువుకునేవాణ్ని. గుజరాతీ చదవడం అలాగే వచ్చింది.

తాగుడు మానినా లివర్ మన్నించలేదు. పోయిన నెల పోయాడు. మట్టి వేసి తిరిగొస్తుంటే మరదలు నా పక్కన నడిచింది. "నువ్వు ఎదురైన దినం ఇంటికొచ్చి ఒక ముడి వేస్తుండె బావా. తాగబుద్దయి గాదు. ఎందుకయ్యా అంటె జెప్పకపోవు." 

ఇంతే కథ. ఇక్కడితో ముగిస్తే మీరు నా పక్షమే ఉంటారు, నాకు తెలుసు. నా పని అదే కదా. కానీ వాడి పోగు మీద ఆ ముడి నన్ను నిలవనీయడం లేదు. పైన ఒట్టు పెట్టాను, పళ్లు కూడా కావాలి. అందుకని ఏది కల్పించానో చెప్పేస్తాను.

మీకే అనుమానం రావలసింది. వాడు నా పేరు చెప్పి ఉంటే, నేను నా సాంచెల మీదే ఎలా ఉన్నాను? వాడు పాండేసర ఎందుకు పోయాడు? సోమవారం పొద్దునే మాస్టరు వాణ్ని ఖాతా లోంచి వెళ్లగొట్టాడు కాబట్టి పోయాడు. ఇంకొకటి. పొద్దున ఏడింటికి గ్లాసు పట్టుకోలేని చేతులతో ఎవడైనా గీత తిన్నగా గీస్తాడా? గీసింది నేను. చాక్‌పీస్ నా చేతిలోంచి ఎవరూ లాక్కోలేదు. "వద్దన్నా, ముసలోడు," అని వాడు నా మణికట్టు పట్టుకుంటే విదిలించుకుని మరీ గీశాను. సాయంత్రం వాడు నా మొహం చూసి, నా కోసం ఆ తుమ్ము తుమ్మించాడు. వాడి పాపం ఆ ఒక్క తుమ్మే.

పెద్దయ్యకు కూడా అనుమానం వచ్చింది. ఆ ఆదివారం ఏడుపు ఆగాక అడిగాడు. "కొడుకా, మాస్టరు గీత సీదా ఉన్నదన్నడు. పొద్దుగాల నీ చేతులు ఆగకపోవు గద. గీసింది నువ్వేనా? పగటోడు లేడా ఆడ?"

తమ్మి నావైపు చూశాడు. కొద్దిసేపే. వేలు చాపలేదు. చెయ్యి చెవి దగ్గరికి పోయింది, అక్కడ తీయడానికి ఏ ఉండా లేకపోయినా. "నేనే పెద్దయ్యా, మాల్ చెడగొట్టింది గూడ నేనే. నేనొక్కన్నే ఉన్న. అన్న లేడు, చాయ్ తాగబోయిండు," అన్నాడు. ఆగి, "అల్లం చాయ్," అన్నాడు.

అల్లం! ఆ హాల్లో అందరూ నమ్మారు. అది ఎర్ర కుర్చీ అని నాకొక్కడికే తెలుసు. బాప్తిస్మం తర్వాత వాడు ఆడిన ఒకే ఒక్క అబద్ధం అదని కూడా నాకు తెలుసు. నేను ఆ క్షణాన దగ్గాను. పెద్దయ్య నా దగ్గు విని ఇటు తిరిగాడు. ఆయన చెవి మంచిదే కదా. పొర కమ్మిన కళ్లు నావైపు పెట్టి ఆగాడు. నేను లేచాను. లేచింది చెప్పడానికే అనుకున్నాడేమో తమ్మి, వాడి మొహం వెలిగింది. నేను చెప్పులు వెతుక్కున్నాను.

వాడితో మాట్లాడనిది అందుకు. నన్ను పట్టిచ్చి ఉంటే పోట్లాడి, తిట్టుకుని, మళ్లీ ఒకే బండి దగ్గర టీ తాగేవాళ్లం. వాడు నా మాట విన్నాడు. నా పేరు ఎత్తలేదు. నా పాపం కూడా తన నెత్తిన పెట్టుకుని, నన్ను ఇలా మంచివాణ్నిగా వదిలేసి పోయాడు. ఇంతకంటే ద్రోహం ఎవరైనా చేస్తారా?

పెద్దయ్య ఉన్నాడు. మా వీధికి మూడో వీధిలో, గుమ్మంలో కూర్చుని కండెలు చుడుతుంటాడు. ఇది రాసిన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన చదవలేడు, నేనే చదివి వినిపించాలి. అంత పొడుగు వినే ఓపిక ఆయనకు లేకపోతే ఒక్క ముక్కే చెబుతాను. దానికి రంగూ రుచీ ఏమీ కలపను.

పెద్దయ్యా, ఆ పొద్దుగాల ఐదో సాంచె కాడ నేను గూడ ఉన్న.